సిస్టరు గారి రేకు పెట్టె

నాకు చిన్నప్పుడు పాఠాలు చెప్పిన సిస్టరు గారి సమాధిలో పిడికెడు మట్టి వేసి, నల్లగొండ కాన్వెంటు వరండాలోకి వచ్చేసరికి, తోటి సిస్టరు ఒకరు చిన్న రేకు పెట్టె తెచ్చి నా ముందు తెరిచారు.

రెండు తెల్లచీరలు, పూసలు అరిగిన జపమాల, పాత హాజరుపట్టీ ఒకటి. పట్టీలో కొన్ని పేర్ల పక్కన పెన్సిలుతో సన్నగా 'పొద్దున తినలేదు' అని రాసి ఉంది, నా పేరు పక్కన కూడా. ఇంటర్వెల్లులో సిస్టరు గారు నన్ను పిలిచి బోర్డు తుడవమని చెప్పి, తుడిచాక రెండు ఇడ్లీలు చేతిలో పెట్టేవారు. అవి నా పనికి ఇచ్చినవేనని ఇన్నేళ్లూ నమ్మాను.

పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలు తీసుకున్న మఠకన్యలకు జీతం కూడా సొంతం కాదు, అది వారి సన్యాసినుల సంఘానికే చేరుతుంది. 1948లో లొరెటో మఠం విడిచి పేదల మధ్యకు రాకముందు మదర్ థెరిసా కూడా కలకత్తాలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన టీచరే. ఆ పనిలోనే జీవితమంతా గడిపిన మా సిస్టరు గారి పేరు మా తరగతుల వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు, అది నాకు బాధగానే ఉంది.

పట్టీని అడిగి తెచ్చుకున్నాను. పెన్సిలు రాత చెరిగిపోతుందేమోనని, ఆ పేజీ మీద వేలు ఆనించకుండా చదువుతున్నాను.