గోబర్ గ్యాస్ ట్యాంకుకు అజీర్తి: 53 రోజుల లెక్క

వెలిగింది! జనవరి 26న ఒకసారి, ఈరోజు, అంటే ఫిబ్రవరి 1న, మళ్ళీ. ఈసారి 24 నిమిషాలు ఏకధాటిగా మండింది. లీటరు పాలు పొంగాయి, ఇద్దరికి టీ అయింది, మిగిలిన మంట మీద రెండు అప్పడాలు కాల్చాను. నీలి మంటకు ఫోటోలు తీస్తూ నిలబడితే, "మంట ఎక్కడికీ పోదు, పాలు చూడండి" అని మా ఆవిడ కేకేసింది. పోదని ఆమెకు నమ్మకం. డిసెంబరు 4 నుంచి పోయిన మంటే కదా ఇది!

మిగతా సంగతులు గబగబా చెప్పేస్తాను. పైకప్పు మీది 3 కిలోవాట్ల సోలార్ బాగా పనిచేస్తోంది, ఎలక్ట్రిక్ స్కూటరుకు పగలే చార్జింగ్ పెడుతున్నాం. మిద్దె మీద పాలకూర, మెంతికూర కొనాల్సిన పని లేదు. ఇక ట్యాంకు కథ.

నాది తేలే డ్రమ్ము రకం. కింద 1000 లీటర్ల నీళ్ళ ట్యాంకు, దానిలో బోర్లించిన 750 లీటర్లది. ఈ రెండోదే డ్రమ్ము, కింద గ్యాసు చేరేకొద్దీ పైకి లేస్తుంది. రెండూ వేరే కంపెనీలవే అయినా ఇంట్లో అందరం సింటెక్స్ అనే అంటాం. బరువుకు భయపడి మిద్దె మీద కాకుండా పెరట్లో పెట్టాను. డ్రమ్ము అడ్డుకొలత 94 సెంటీమీటర్లు. కాబట్టి అది 10 సెంటీమీటర్లు లేచిందంటే దాదాపు 69 లీటర్ల గ్యాసు ఉన్నట్టు. డ్రమ్ము సొంత బరువు 20 కిలోలే, దానికి 3 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి కూడా రాదు. పైన మూడేసి కిలోల ఇటుకలు పన్నెండు పేరిస్తే 8 సెంటీమీటర్లు వచ్చింది. అక్టోబరు, నవంబరు నెలల్లో రోజుకు రెండు కిలోల వంటింటి వ్యర్థాలు వేస్తూ అరగంట మంట తీసుకున్నాం.

నవంబరు 30న మా చిన్నమ్మాయి పుట్టినరోజు. మిగిలిన పులిహోర, తెల్లన్నం కలిపి ఏడు కిలోలు. ఫ్రిజ్‌లో మరిచిపోయిన దోసె పిండి మూడు లీటర్లు, పులిసి నురగ కట్టింది. పారేయడానికి మనసొప్పలేదు, మొత్తం ఒకేసారి ట్యాంకులో పోశాను. మర్నాటికి డ్రమ్ము అంతకు ముందెన్నడూ లేనంతగా 58 సెంటీమీటర్లు లేచింది. ఆ సంబరంలో ఇరుగుపొరుగును కూడా పిలిచి చూపించాను. డిసెంబరు 4న పొయ్యి దగ్గర అగ్గిపుల్ల పెడితే, గ్యాసు అంటుకోకపోగా పుల్లనే ఆర్పేసింది.

డ్రమ్ము లేస్తోంది, మంట రావడం లేదు. ఈ ఒక్క వాక్యం దగ్గర మూడు వారాలు కూరుకుపోయాను.

మొదట గొట్టాలను అనుమానించాను, ఎక్కడో గాలి కలుస్తోందని. ప్రతి అతుకు దగ్గరా సబ్బు నురగ రాశాను. ప్లాస్టిక్ బాల్ వాల్వు దగ్గర ఒక్క బుడగ కనిపించింది. దాన్ని పీకేసి ఇత్తడిది బిగించాను. ప్లాస్టిక్ వాల్వులు నీళ్ళకు పనికొస్తాయేమో గానీ గ్యాసుకు రూపాయి కూడా పెట్టకూడదని ఇప్పుడు నా గట్టి అభిప్రాయం. మంట మాత్రం రాలేదు. నిజానికి లోపల ఒత్తిడి ఎక్కువ కాబట్టి చిల్లు ఉంటే గ్యాసు బయటికి పోతుందే తప్ప గాలి లోపలికి రాదు. ఆ మాత్రం తట్టడానికి నాలుగు రోజులు పట్టింది.

తరువాత చలిని పట్టుకున్నాను. మేముండేది హైదరాబాద్ శివారు. డిసెంబరు మధ్యలో ఉదయం ఆరింటికి స్లర్రీ, అంటే ట్యాంకులోని జారుడు ముద్ద, 19 డిగ్రీలు, సాయంత్రం నాలుగింటికి 22.5. మండే గ్యాసు మీథేన్. దాన్ని చేసే సూక్ష్మజీవులకు 30 దాటితేనే హుషారు. చుట్టూ వరిగడ్డి కట్టి, పైన నల్ల టార్పాలిన్ చుట్టాను. రెండు డిగ్రీలు పెరిగాయి. డ్రమ్ము రోజుకు మరో నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ లేచింది. మంట సున్నా.

ఇంతకాలం పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) వైపు చూడలేదా అని అడగవచ్చు. చూశాను, రోజూ చూశాను. పెన్ను లాంటి చవక మీటరు 6.9, 6.9, 7.0 అని చూపిస్తూనే ఉంది. 6.8కీ 7.5కీ మధ్య ఉంటే చాలు కదా అని ధైర్యంగా ఉన్నాను. డిసెంబరు 25న సెలవు, వేరే పనేమీ లేక మీటరును సరిచూసుకోవడానికి దానితో వచ్చిన 6.86 పీహెచ్ పొడిని 250 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటరులో కలిపి అందులో ముంచాను. మీటరు 7.5 చూపించింది! అంటే నా 6.9 నిజానికి 6.26. నాలుగు నెలలుగా దాన్ని సరిచూడలేదు. తప్పు నాదే అయినా, పేరూ ఊరూ లేని పెన్ను మీటరును ఇక వారానికోసారి సరిచూడకుండా నమ్మను.

అదే రోజు సిరంజి పరీక్ష కూడా మొదలుపెట్టాను. 50 మిల్లీలీటర్ల గ్యాసు లాగి, దానిలోకే కాస్త కాస్టిక్ సోడా నీళ్ళు లాగి ఊపితే, కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలోకి పోతుంది, మిగిలింది ఇంచుమించు మీథేన్. చేతి తొడుగులు, కళ్ళద్దాలు లేకుండా ఈ పని చేయకండి. నాకు మిగిలింది 17 మిల్లీలీటర్లు, అంటే 34 శాతం. అంత తక్కువైతే మంట నిలవదు. చిన్నప్పుడు బొగ్గుపులుసు వాయువని చదువుకున్నామే, పుట్టినరోజు మర్నాడు నేను ఇరుగుపొరుగుకు గొప్పగా చూపించింది బహుశా దాన్నే.

రోగం తెలిసింది. వైద్యంలో మళ్ళీ తప్పాను. డిసెంబరు 27న అర కిలో సున్నం కలిపి పోశాను. తెల్లారి చూస్తే డ్రమ్ము 40 సెంటీమీటర్ల నుంచి 28కి దిగింది. మళ్ళీ చిల్లు అనుకుని సబ్బు నురగ పట్టుకుని పరుగెత్తాను. చిల్లు లేదు. సిరంజిలో మాత్రం 24 మిల్లీలీటర్లు మిగిలాయి. పొయ్యి వెలిగించి చూస్తే వెలిగింది, పావుగంట మండింది. గెలిచాననుకుని ఆ సాయంత్రమే రెండు కిలోల వ్యర్థాలు వేశాను.

గెలుపేమీ కాదు. అర కిలో సున్నం లెక్క ప్రకారం దాదాపు 165 లీటర్ల కార్బన్ డయాక్సైడును తాగగలదు. డ్రమ్ము దిగిన 12 సెంటీమీటర్లంటే 83 లీటర్లు. అంటే సున్నం గ్యాసును వడకట్టింది, సూక్ష్మజీవులకు ఒరిగిందేమీ లేదు. ఉన్న మీథేన్ అంతే, దాని చుట్టూ ఉన్న చెత్త తగ్గింది. జనవరి 3కి సిరంజి మళ్ళీ 18, పొయ్యి మళ్ళీ చల్లన. సున్నం పోయమని చెప్పేవాళ్ళతో నాకు తగాదా లేదు గానీ, పోశాక వచ్చే మంటను మాత్రం రెండు రోజులు నమ్మకండి.

అప్పుడు మా అమ్మ వచ్చి ట్యాంకు చుట్టూ ఒకసారి తిరిగింది. వాసన చూసింది. "ఒరేయ్, పండగనాడు గేదె అన్నం గంప మీద పడి తినేస్తే ఏమవుతుంది? పొట్ట ఉబ్బి పడుకుంటుంది. మేత ఆపేసి వంట సోడా నీళ్ళు తాగించేవాళ్ళం కదా, దీనికీ అదే చెయ్యి" అంది. నాకు నోట మాట రాలేదు. ట్యాంకులో ఉన్నది పేడతో వచ్చిన సరుకే. గేదె కడుపులోనూ ఇంతే: పిండి పదార్థం ఒక్కసారిగా పడితే ఆమ్లం చేసే జీవులు చెలరేగుతాయి, మీథేన్ చేసేవి నెమ్మది జాతి, ఆ పులుపుకు చతికిలబడతాయి. చలికి అవి ముందే మందగించి ఉన్నాయి. పులిహోర చింతపండు ఏ మేరకు పాపం చేసిందో గానీ, నా అనుమానం ఎక్కువగా అన్నం మీదా దోసె పిండి మీదా ఉంది.

జనవరి 4 నుంచి మేత బంద్. ట్యాంకులో ఉన్న స్లర్రీ పావు వంతు తీసేసి, పక్క వీధి పాలవాళ్ళ దగ్గర తెచ్చిన 40 కిలోల తాజా పేడ అంతే నీళ్ళలో కలిపి పోశాను. బ్యాక్టీరియా పొడులు అమ్ముతారు, తాజా పేడ దొరికే ఊళ్ళో వాటికి డబ్బు దండగ. వంట సోడా రోజుకు 300 గ్రాముల చొప్పున ఎనిమిది రోజులు, మొత్తం 2.4 కిలోలు. పాత గ్యాసును బయటికి వదిలేశాను. మొదటి వారం డ్రమ్ము రోజుకు మూడు, నాలుగు సెంటీమీటర్లకు మించలేదు. 15న పీహెచ్ 6.7, సిరంజి 22. 22న పీహెచ్ 6.9, సిరంజి 26. 26న సిరంజి 28, మంట. ఈరోజు 30, అంటే 60 శాతం. డ్రమ్ము 44 సెంటీమీటర్లు. పేడ వల్ల కోలుకుందా, సోడా వల్లనా, సంక్రాంతి తరువాత ఎండ పెరగడం వల్లనా అంటే, అన్నీ ఒకేసారి చేసినవాణ్ణి నేనే కాబట్టి విడదీసి చెప్పలేను.

రోజుకు 300 లీటర్ల గ్యాసు నిలబడితే 14.2 కిలోల సిలిండరు ఒకటి మిగలడానికి వంద రోజులు దాటుతుంది. ఈ లెక్క మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.

ఇక ముందు పని. నిన్నటి నుంచి మేత రోజుకు అర కిలోతో మొదలుపెట్టాను, వారానికి అర కిలో చొప్పున పెంచుతాను, అన్నం పిడికెడుకు మించకుండా. వచ్చే చలికాలానికి మేతను సోలార్ హీటరు వేడినీళ్ళతో కలిపి, గోరువెచ్చగా పోయాలని ఉంది. బయటికి వచ్చే స్లర్రీని మాత్రం మిద్దె తోటకు ఇప్పుడే వాడను. ఆ సోడాలోని సోడియంతో కుండీల మట్టి చౌడుబారుతుంది. ముందు ఒక్క వంగ మొక్కకు పది రెట్లు నీళ్ళు కలిపి పోసి చూస్తాను. దోసె పిండి ఫ్రిజ్‌లో మళ్ళీ అర లీటరు మిగిలింది. అది కంపోస్టు కుండలోకి.