మైకు పట్టుకున్న తెలుగు టీచర్: 23 కార్యక్రమాల లెక్క

మొన్న ఆదివారం ఓణీల ఫంక్షన్‌తో నేను వ్యాఖ్యాతగా మైకు పట్టుకుని నడిపిన కార్యక్రమాలు 23 పూర్తయ్యాయి, మరిచిపోకముందే రాసిపెడుతున్నాను.

ఇదంతా మొదలైంది ఒక ఆగస్టు 29న. గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. మా స్కూల్లో సభ నడపాల్సిన సారుకి గొంతు పోయి కాగితం నా చేతిలో పెట్టారు. ఆ సభకి వచ్చిన ఒక పేరెంట్ పదిహేను రోజుల తర్వాత ఫోన్ చేసి, "మా నాన్నగారి షష్టిపూర్తి ఉందండీ టీచర్‌గారూ, ఆ రోజు మాట్లాడినట్టే మా ఇంట్లోనూ మాట్లాడాలి" అన్నారు. వెళ్లాను. డబ్బు మాట రాలేదు, పళ్లెంలో చీర పెట్టి ఇచ్చారు. తర్వాత ఆ బంధువులూ ఈ బంధువులూ పిలవడం మొదలుపెట్టారు, ఇప్పుడు సాయంత్రం కార్యక్రమానికి 4,000 తీసుకుంటున్నాను, స్కూళ్లకీ లైబ్రరీలకీ తీసుకోను. మాది ప్రైవేట్ స్కూలు, ప్రిన్సిపాల్‌గారికి చెప్పే చేస్తున్నాను, అదీ సెలవు రోజుల్లోనే. ప్రభుత్వ టీచర్లయితే డబ్బు ముట్టుకునే ముందు శాఖ అనుమతి సంగతి చూసుకోండి, మీకు ప్రవర్తనా నియమావళి ఉంది.

ఆ మొదటి షష్టిపూర్తిలోనే పెద్ద తప్పు చేశాను. బంధువుల పేర్ల జాబితా వాట్సాప్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో వచ్చింది. ఆ అక్షరాల్లో ద, డ ఒకటే, త, ట ఒకటే, ల, ళ ఒకటే, దీర్ఘం ఉందో లేదో దేవుడికే తెలియాలి. "కోడూరి" వారిని "కొదూరి" అని పిలిచాను. డెబ్బై దాటిన పెద్దాయన, కర్ర ఊతంతో మెల్లగా మెట్లెక్కి వచ్చి, శాలువా కప్పించుకుని, దిగేటప్పుడు నా దగ్గర ఆగి "కోడూరి అమ్మా" అన్నారు, అంతే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పద్దెనిమిదేళ్లుగా హాజరు పిలుస్తున్నాను, పేరు తప్పు పిలిస్తే పిల్లలు "ప్రెజెంట్" అనే గొంతు ఎలా తగ్గిపోతుందో నాకు బాగా తెలుసు. తెలిసీ ఆ పని నేనే చేశాను.

అప్పటి నుంచి ఏ జాబితా వచ్చినా నా చేత్తో తెలుగులో తిరిగి రాసుకుంటాను. అనుమానం ఉన్న ప్రతి పేరూ ఫోన్‌లో చదివి వినిపిస్తాను, వీలైతే ఆ మనిషికే. కార్డులు ఏ4 కాగితంలో నాలుగో వంతు, అట్టలాంటి మందం, ఒకవైపే రాత, మూలన కన్నం పెట్టి ఒకే రింగుకి గుచ్చుతాను. స్టాండ్ ఫ్యాన్ గాలికి విడి కాగితాలు వేదికంతా ఎగిరిపోవడం ఒకసారి చూశాను, చాలు.

ఇక గొంతు. క్లాసులో చివరి బెంచీ దాకా వినిపించాలని పొట్ట లోంచి మాట్లాడటం నాకు అలవాటు, మైకులోనూ అలాగే మాట్లాడితే శబ్దం చీలిపోయింది. సౌండ్ చూసే బాబాయ్ ఒకాయన చెప్పిన మాట ఇప్పటికీ పాటిస్తున్నాను: "గొంతు మీరు పెంచకండి టీచర్‌గారూ, పెంచడానికి నేనున్నాను." మైకు నోటికి మూడు వేళ్ల దూరంలో, కాస్త పక్కకి వంచి పట్టుకుంటాను, ఎదురుగా పెట్టుకుంటే ప, ఫ, భ పలికినప్పుడల్లా గాలి కొట్టి ఢబ్బుమంటుంది. మైకు తలమీది జాలీని గుప్పిట్లో మూయకూడదు, మూస్తే కూత వస్తుంది. స్పీకర్ల ముందుకి నడిచినా అంతే. కార్డ్‌లెస్ మైకుకి కొత్త బ్యాటరీలు నా సంచిలోనే ఉంటాయి.

టైము మాత్రం ముందు నుంచి కాదు, వెనక నుంచి లెక్కేస్తాను. రాత్రి 10 దాటితే ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది. కాబట్టి వందన సమర్పణ 9:40కి మొదలవ్వాలి, భోజనాల పిలుపు అంతకంటే ముందే. శాలువా, జ్ఞాపిక, ఫోటో కలిపి ఒక్కొక్కరికి నిమిషంన్నర పడుతోంది, పన్నెండు మంది అంటే 18 నిమిషాలు. ఇంటివాళ్లు "అయిదు నిమిషాల్లో అయిపోతుందండీ" అంటారు. ఈ లెక్క కాగితం మీద చూపిస్తే వాళ్లే రెండు ప్రసంగాలు తగ్గించుకుంటున్నారు.

భాష కూడా మారింది. మొదట్లో "వేదికను అలంకరించవలసిందిగా సవినయంగా ప్రార్థిస్తున్నాము" అనేదాన్ని. వాడుక భాష కోసం అంత పోరాడిన గిడుగువారి జయంతి నాడు మైకు పట్టుకుని అలా మాట్లాడటం నాకే బాగా అనిపించలేదు. ఇప్పుడు "పైకి రండి బాబాయ్‌గారూ" అంటున్నాను, హైదరాబాద్ నుంచీ అమెరికా నుంచీ వచ్చిన పిల్లలు కూడా తల ఎత్తి చూస్తున్నారు. పద్యం చదివితే ఒక్కటే, అర్థం రెండు వాక్యాల్లో.

మర్నాడు సోమవారం ఆరు పీరియడ్లు ఉంటాయి కాబట్టి రాత్రి ఐస్‌క్రీమ్ ముట్టను, గోరువెచ్చని నీళ్ల ఫ్లాస్కు దగ్గరుంచుకుంటాను.

24వది కొవ్వూరులో, పంచెకట్టు వేడుక. జాబితాలో 31 పేర్లు, నాలుగు తేలలేదు. అందులో ఒకటి పిల్లాడి తాతమ్మది, కాగితం మీద "నానమ్మ" అని మాత్రమే రాసి ఉంది. అసలు పేరు అడిగితే ఇంట్లో ఒకరు సుబ్బలక్ష్మి అన్నారు, ఇంకొకరు సుబ్బమ్మ అన్నారు. శనివారం స్కూలు అవ్వగానే బ్రిడ్జి దాటి వెళ్లి ఆవిడనే అడిగి రాసుకుని వస్తాను.