స ని ధ ప గ మ ప స

మా నాన్నగారి హార్మోనియంలో పంచమం మెట్టు వర్షాకాలంలో ఒక పట్టాన లేవదు. నొక్కితే దిగి అలాగే ఉండిపోతుంది. పక్క చెక్కకు రాసుకోకుండా ఆయన మడిచి దోపిన పోస్టుకార్డు ముక్క ఇప్పటికీ అక్కడే ఉంది. అది తీసేసి కొత్త మెట్టు వేయిస్తానంటే అమ్మ ఒప్పుకోదు.

మాది పర్లాకిమిడి. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. నాన్నగారు ముప్ఫై ఏళ్లు పద్యనాటకాలకు హార్మోనియం వాయించారు. పాతపట్నం, టెక్కలి, ఇటు గుణుపురం, ఎక్కడ పందిరి వేస్తే అక్కడికి వెళ్లేవారు. నేను ఇంటి దగ్గర పిల్లలకు సంగీతం చెబుతాను. పియానోను దగ్గరగా చూసింది కూడా లేదు. అయినా నెల రోజులుగా నా చెవుల్లో మోగుతున్నది పియానోయే.

భువనేశ్వర్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి రెండు రికార్డింగులు పంపింది. "రెండూ ఒకటే, వాయించిందీ ఒకరే, వినమ్మా" అంది. అవి జర్మన్ స్వరకర్త బాఖ్ 1741లో అచ్చువేయించిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్. వాయించినాయన కెనడాకు చెందిన గ్లెన్ గూల్డ్. మొదటిది 1955లో, ఆయనకు 22 ఏళ్లప్పుడు. రెండోది 1981లో. రెండూ న్యూయార్క్‌లో ఒకే స్టూడియోలో చేసినవే. మొదటిది 38 నిమిషాలు, రెండోది 51.

ముందు ఆరియా అని ఒక నెమ్మదైన ముక్క వస్తుంది. తర్వాత 30 వేరియేషన్లు, చివర మళ్లీ అదే ఆరియా. వేరియేషన్ అంటే మన కీర్తనల్లో ఒకే పల్లవిని మార్చి మార్చి పాడే సంగతి లాంటిదే అనుకున్నాను. కానీ సంగతుల్లో పల్లవి ముఖం కనిపిస్తూనే ఉంటుంది కదా, ఇక్కడ ఆరియా పాట మొదటి వేరియేషన్‌లోనే మాయమైపోతుంది. మరి ఏం మిగిలింది? నాలుగు రోజులు విన్నాక ఎడమచేతి కింద దొరికింది. మంద్రంలో ఒక్కొక్కటిగా దిగే స్వరాలు: స ని ధ ప, గ మ ప స. అచ్చం మన శంకరాభరణం స్వరాలు. వేరియేషన్లన్నీ ఈ మంద్రం వరస మీద కట్టినవే. మాటలెన్ని మారినా ఉత్పలమాలలో భ ర న భ భ ర వ మారనట్టు. ముప్ఫై పద్యాలకూ ఒకటే ఛందస్సు! ఇది పట్టుబడిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు పెట్టె ముందు కూర్చున్నాను. మాది చేత్తో తిత్తి కొట్టేది, వాయించడానికి మిగిలేది ఒక్క చెయ్యే. మా మేనల్లుణ్ని తిత్తి కొట్టమని, ఎడమచేత్తో ఈ ఎనిమిది స్వరాలు, కుడిచేత్తో ఆరియా మొదటి వరస పట్టుకున్నాను. స్వరాలు సరిగ్గానే పడ్డాయి, పాట రాలేదు. ఎందుకు రాలేదో మెట్ల మీద చెయ్యి ఉండగానే అర్థమైంది. హార్మోనియంలో గాలి అన్ని రీడ్లకూ ఒకటే. వేలు మెత్తగా ఆనించినా, గట్టిగా నొక్కినా మెట్టు అంతే పలుకుతుంది. రెండు చేతుల స్వరాలూ ఒకే బరువుతో వచ్చి ఒకదాన్నొకటి తొక్కేశాయి.

బాఖ్ రాసింది రెండు వరసల మెట్లున్న హార్ప్‌సికార్డ్ కోసం. దాని గుణమూ ఇంచుమించు ఇదే. మెట్టు నొక్కితే లోపల చిన్న ములుకు తీగను మీటుతుంది, వేలి బలంతో ధ్వని పెద్దగా మారదు. పియానోలో అలా కాదు, సుత్తి తీగను కొడుతుంది, వేలు ఎంత వేగంగా దిగితే అంత గట్టిగా మోగుతుంది. అంటే ఏ స్వరం ముందుకు రావాలో, ఏది వెనక నిలవాలో బాఖ్ కాగితం మీద లేదు. ప్రతి స్వరానికీ వాయించేవాళ్లే తేల్చుకోవాలి.

ఇది తెలిశాక గూల్డ్‌ను మళ్లీ విన్నాను. 1955లో ఆరియా రెండు నిమిషాల్లోపే అయిపోతుంది. తిరిగి వాయించమని బాఖ్ రాసిన చోట్లు కూడా వదిలేశాడు. ఏరు పొంగినట్టు ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి. 1981లో అదే ఆరియాకు మూడు నిమిషాలు. అది మొదలయ్యేది ఒకే స్వరం రెండుసార్లు పలికి. ఆ రెండు షడ్జమాల మధ్య ఆయన ఉంచిన జాగా కోసమే నేను పదేపదే వెనక్కి తిప్పుకున్నాను.

వయసు పైబడింది కాబట్టి నెమ్మదించాడు అనేస్తే నేను ఒప్పుకోను. అన్నిటిలోకీ దుఃఖం నిండిన 25వ వేరియేషన్‌ను కుర్రతనంలోనే ఆయన ఎక్కువసేపు వాయించాడు. తర్వాత మారింది కాలప్రమాణం. ముక్కకూ ముక్కకూ లయ లెక్క కుదిరేలా కట్టాడు. తొడ మీద తాళం వేస్తూ వినండి. చాలాచోట్ల వేరియేషన్ మారినా చెయ్యి ఆపక్కర్లేదు, మొదటి కాలం రెట్టింపై రెండో కాలమైనట్టుంటుంది.

అమ్మాయి ఇంకోటీ పంపింది. పోలెండ్ స్వరకర్త షోపాన్ పియానోకు రాసిన రెండో సొనాటాలోని శవయాత్ర అనే భాగం, 1930లో రష్యన్ పియానిస్టు రహ్మానినోవ్ వాయించినది. నడుమ భాగం అయ్యాక యాత్ర మెల్లగా తిరిగి రావాలి. ఆయన ఉరుములా మొదలుపెట్టి అంతకంతకూ తగ్గించుకుంటూ పోతాడు. పాడె మన గుమ్మం ముందుకొచ్చి, వీధి మలుపు తిరిగి వెళ్లిపోయినట్టుంటుంది. రాసినదానికి ఎదురెళ్లాడని తప్పుపట్టేవాళ్లూ ఉంటారు. నాకు మాత్రం నాన్నగారు గుర్తొచ్చారు.

ఆయన చివరిసారి పందిట్లో కూర్చున్నది 2009లో. ఆ రాత్రి పాడిన ఒక పద్యానికి అప్పటికి వందలసార్లు తోడు వాయించి ఉంటారు. నటుడు నాలుగో పాదం ఎత్తుకోగానే ఆయన వేళ్లు తారషడ్జమం దాకా పరుగెత్తడం అందరికీ అలవాటు. ఆ రాత్రి శ్రుతి ఒక్కటి పట్టుకుని మిగతా వేళ్లు ఎత్తేశారు. నటుడు గాబరాగా ఇటు చూశాడు. తర్వాత గొంతు విప్పాడు. ఆయన అలా పాడగా నేను అంతకుముందు వినలేదు. జనం వన్స్‌మోర్ అన్నారు. రెండోసారి నాన్నగారు ఎప్పటిలాగే వాయించారు. ఎందుకలా అని దారిలో అడిగితే, "ఇందాకటిది ఇందాకే అయిపోయింది కదమ్మా" అన్నారు.

ఇంట్లో ఒక్కరూ వాయించుకుంటున్నప్పుడు ఆయన గొంతులోనే ఏదో తీస్తుండేవారు. అది రాగమో, ఊపిరో తెలిసేది కాదు.

గూల్డ్‌కీ ఆ అలవాటు ఉంది. తండ్రి చేసిచ్చిన పొట్టి కుర్చీలో మెట్ల మీదకు వంగి, వాయిస్తూనే కూనిరాగం తీస్తాడు. రికార్డింగుల్లో వినిపిస్తుంది. 1981 నాటి రికార్డు 1982లో బయటికొచ్చింది, ఆ అక్టోబర్ 4న ఆయన పోయాడు. అప్పటికి 50 ఏళ్లు నిండి పది రోజులు కూడా కాలేదు.

నిన్న సాయంత్రం అది ఫోన్లో పెట్టుకుని బియ్యం ఏరుతున్నాను. చివర ఆరియా తిరిగొచ్చింది. అమ్మ పెరట్లోంచి వస్తూ గడప దగ్గర ఆగిపోయింది.

"ఏటే, లోపల ఎవులో పాడతన్నట్టున్నారు?"

వాయించే ఆయనే పాడుకుంటున్నాడని చెప్పాను. వచ్చి నా పక్కన కూర్చుంది. చేట తన ఒళ్లోకి తీసుకుని, మొదట్నుంచి పెట్టమంది.