కేటలీనా 30 మరమ్మతు: కిటికీ కింద కారే నీళ్లు, ఐదో ప్రయత్నం

ఎట్టకేలకు దొరికింది! 1984 నాటి ఈ కేటలీనా 30 తెరచాప పడవలో స్టార్‌బోర్డ్ (కుడివైపు) సోఫా వెనక అరలోకి మూడు నెలలుగా కారుతున్న నీళ్లు కిటికీ నుంచి రావడం లేదు, తెరచాప కంబపు తీగలను పడవకు పట్టి ఉంచే చైన్‌ప్లేట్ నుంచీ రావడం లేదు. దారి ఇచ్చింది కేబిన్ కప్పు మీది టేకు హ్యాండ్‌రెయిల్‌లో వెనక నుంచి రెండో స్క్రూ. నీళ్లు దిగేచోటికీ బొట్టు కనిపించేచోటికీ మధ్య టేపు పెడితే 112 సెంటీమీటర్లు.

శాన్ ఫ్రాన్సిస్కో బేలో వానలు దాదాపుగా నవంబరు నుంచి మార్చి లోపే. వేసవిలో చూసి కొన్న పడవలో చెమ్మ జాడే ఉండదు. పాత పడవ కొనేవాళ్లు పెద్ద వాన వెలిసిన మర్నాడు వెళ్లి, అరలన్నీ తెరిచి, వేళ్లతో తడిమి చూడాలి.

మొదటి నాలుగు ప్రయత్నాలూ ఎందుకు తప్పాయో రాసి పెట్టడం అవసరం. బొట్టు కిటికీ ముందు మూలలో పడుతోంది కాబట్టి ముందు కిటికీ విప్పాం. పాత సిలికోన్ గీకి, కొత్త యాక్రిలిక్‌ను డౌ 795 అనే సీలెంట్‌తో అతికించాం. తర్వాతి రాత్రి వానకు అడుగున పెట్టిన ట్రేలో 180 మిల్లీలీటర్లు. రెండోసారి చైన్‌ప్లేట్ మూతను బ్యూటైల్ అనే జిగురు రబ్బరు టేపుతో మళ్లీ కూర్చితే 175. మూడోసారి మళ్లీ కిటికీయే. నాలుగోసారి హల్-డెక్ అతుకు, అంటే పడవ పొట్టా పైభాగమూ కలిసే చోటు. అంకె కదల్లేదు.

అసలు తికమక పెట్టింది వేరే సంగతి. వారం రోజులు చినుకు లేదు, కానీ పోర్ట్ ట్యాక్ మీద, అంటే గాలి ఎడమ నుంచి తగులుతుంటే, 20 డిగ్రీలు కుడికి వాలి రెండు గంటలు నడిపితే అరలో 60 మిల్లీలీటర్లు. తుంపర చైన్‌ప్లేట్ గుండా వస్తోందనుకున్నాం. కాదు. ఆ కాలపు చాలా పడవల్లాగే దీనికీ కప్పు కింద ఫైబర్‌గ్లాస్ లైనర్ (లోపలి తొడుగు) ఉంది. డెక్‌కూ లైనర్‌కూ నడుమ సందు, మన పడవలో కొలిస్తే చోటును బట్టి 6 నుంచి 15 మిల్లీమీటర్లు. వాన నీరు అందులో చేరి నిలుస్తోంది, పడవ వాలినప్పుడు ఒలుకుతోంది. నీరు పల్లమెరుగు అంటాం, కానీ తెరచాప ఎత్తాక పల్లమే చోటు మారుతుంది. రేవులో బొట్టు పడే చోటు, వాలినప్పుడు పడే చోటు రెండూ గుర్తుపెట్టి, వాటి దారులు పైన ఎక్కడ కలుస్తాయో వెతకాలి.

గొట్టంతో నీళ్లు కొట్టి చూసే పరీక్ష కింద నుంచి పైకి సాగాలి. అతుకు మీద 15 నిమిషాలు: చుక్క లేదు. కిటికీ మీద 20: లేదు. చైన్‌ప్లేట్ మీద 20: లేదు. కప్పు మీద పట్టిన 26వ నిమిషానికి మొదటి బొట్టు. అయిదు నిమిషాలకే గొట్టం పక్కకు తిప్పేస్తే అన్నీ నిర్దోషులే అనిపిస్తాయి.

ఆ తర్వాత గాలి పరీక్ష. మెట్ల దారికి అట్టముక్క కట్టి, అందులోంచి లీఫ్ బ్లోయర్ తక్కువ వేగంతో పెట్టి, గాలి రంధ్రాలకు టేపు వేసి, సింకు నీళ్లు బయటికి పోయే వాల్వు (సీకాక్) మూసి, బయట సబ్బునీళ్లు పూశాం. బుడగ రాలేదు! కారణం లైనరే: కేబిన్‌లోని గాలి దాని వెనక్కి చేరడం లేదు. కప్పు దీపాలు రెండూ విప్పి సందు తెరిచాక రెండో స్క్రూ దగ్గర నురగ పొంగింది. సూది లేని సిరంజితో 5 మిల్లీలీటర్ల నీలం రంగు నీళ్లు అక్కడ పోసి, పైన మంచినీళ్లు వదిలితే కిటికీ మూలకు నీలం దిగింది. ఇక అనుమానం లేదు.

స్క్రూ ఎందుకు వదులైంది? పాత బిగింపులో నట్టు లైనర్ అడుగున ఉంది. బిగించే కొద్దీ లైనర్ పైకి వంగుతుంది తప్ప డెక్ మీద పట్టు రాదు. రెయిల్ పట్టుకుని లాగిన ప్రతిసారీ సీలు కదులుతుంది. అందుకే ఇప్పుడు లైనర్‌లో నట్టు, పెద్ద వాషరు పట్టేంత రంధ్రం చేసి, నేరుగా డెక్ అడుగునే బిగించాం. రేపు మళ్లీ కారినా బొట్టు అక్కడే పడుతుంది.

రెయిల్ ఏడు రంధ్రాల్లో రెండింటి చుట్టూ డెక్ మధ్య పొర చెక్క నల్లబడింది. పావు అంగుళం రంధ్రాన్ని అర అంగుళానికి పెంచి, వంచిన మేకును డ్రిల్లుకు తగిలించి చుట్టూ 15 మిల్లీమీటర్ల వరకు కుళ్లు తీసి, టార్పాలిన్ కింద రెండు వారాలు ఆరబెట్టాం. అడుగున టేపు వేసి, వెస్ట్ సిస్టమ్ 105 ఎపాక్సీ, 205 హార్డెనర్ 5:1 కొలతలో కలిపి ముందు పల్చగా పూత, ఆపైన చిక్కబరిచే 406 పొడి కలిపి గరిటె తిరగేసినా జారని పాకంలో నింపాం. గట్టిపడ్డాక మళ్లీ పావు అంగుళం రంధ్రం, పైఅంచుకు కౌంటర్‌సింక్. ఆ పళ్లెంలాంటి గుంటలోనే బ్యూటైల్ నిలుస్తుంది. అది లేకపోతే మొత్తం బయటికి పిండుకుపోతుంది. బోల్టును కదలకుండా పట్టుకుని నట్టునే తిప్పాలి. చలికి బ్యూటైల్ మొండికేస్తుంది కాబట్టి హెయిర్ డ్రయర్‌తో వెచ్చచేసి, వారంలో మూడు విడతలుగా బిగించాం.

3ఎం 5200 అనే గట్టి జిగురు సీలెంట్ ఇలాంటిచోట వద్దే వద్దు. మళ్లీ విప్పాలంటే డెక్ పొర ఊడి వస్తుంది. ఇంటి సామాన్ల సిలికోన్ ఇంకా చేటు, అది పూసినచోట తర్వాత ఏదీ అంటుకోదు.



రెండు వానల తర్వాత ట్రేలో 4 మిల్లీలీటర్లు, లేత నీలం రంగులో. అంటే సందులో మిగిలిన పాత నీరే. రంగు లేని చుక్క పడితే మళ్లీ బ్లోయర్ బయటికి తీయాలి. ఈలోగా పోర్ట్ (ఎడమ) వైపు రెయిల్, తర్వాత స్టాంచన్ (డెక్ అంచు కంచె కంబాల) పాదాలు. గాలులు మెత్తబడే సెప్టెంబరులో దక్షిణాన ఉన్న హాఫ్ మూన్ బే ప్రయాణం. వెళ్లడం తేలికే, తిరుగు దారంతా ఎదురుగాలి, గంటల తరబడి ఒకే పక్కకు వాలి రావాలి. ట్రే అప్పటిదాకా అరలోనే ఉంటుంది.