ఐటీ హెడ్ కుర్చీ స్టోర్ గేటు దగ్గర వేయండి

కర్నూలు, అనంతపురం, కడప వైపు కన్‌స్ట్రక్షన్ కంపెనీల్లో ఐటీ హెడ్ అంటే ప్రింటర్ మొరాయిస్తే పిలిచే మనిషి, లేదంటే ఎండీ గారికి డ్యాష్‌బోర్డు చూపించే మనిషి. గేటులోకి వచ్చిన సరుకు, స్లాబులోకి పోయిన సరుకు, బిల్లులోకి ఎక్కిన సరుకు ఒకే లెక్కలో నడిచేలా చూడటం అతని అసలు పని. ఏ ఈఆర్‌పీ (స్టోరు, బిల్లులు, అకౌంట్స్ అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) కొనాలన్నది ఆ తర్వాతి మాట.

కమ్మీల సంగతే చూడండి. లోడు కాటా మీద కిలోల్లో వస్తుంది, స్టోర్ నుంచి కమ్మీల లెక్కన పోతుంది. ఇంజనీరేమో కమ్మీ సైజును దానితోనే గుణించి 162తో భాగించి, మీటరు బరువు కట్టి బిల్లు రాస్తాడు. ఆ లెక్కన 12 ఎంఎం కమ్మీ, 12 మీటర్ల పొడవుది, 10.67 కిలోలు. కానీ కమ్మీలకు ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 1786 ఈ సైజు బరువులో 5 శాతం అటూ ఇటూ ఒప్పుకుంటుంది. బరువెక్కువ లోడు దిగితే 10 టన్నులకు 893 కమ్మీలే వస్తాయి. వాటిని 10.67 చొప్పున ఇష్యూ రాస్తే లెక్క 9,525 కిలోల దగ్గర ఆగిపోతుంది. చిటికెడు ఇనుము కూడా పోకుండానే 475 కిలోలు మాయం! స్టోర్ కీపర్ తిట్లు తింటాడు. ఇంతకన్నా ప్రమాదం తేలిక లోడుతో: 987 కమ్మీలు దిగుతాయి, పుస్తకంలో సరుకు అయిపోయినా స్టోర్‌లో 500 కిలోలకు పైగా మిగిలే ఉంటుంది. ఆ మేరకు ఎవరు ఎత్తుకుపోయినా సిస్టమ్ కిమ్మనదు.

మందు సులువే. దించేటప్పుడు కమ్మీలు లెక్కపెట్టి, కాటా బరువును ఆ సంఖ్యతో భాగించి, ఆ లోడుకు ఆ బరువే కట్టాలి. ఇష్యూ కమ్మీల్లో కొట్టినా కిలోలు సిస్టమ్ తనే తీయాలి. చలానా, ఈ-వే బిల్లు, మన కాటా బరువులు మూడూ పక్కపక్కన కనిపించాలి. ‘12 టార్’, ‘టీఎంటీ 12’, ‘12 ఎంఎం కమ్మీ’ అని ఒకే సరుకుకు మూడు కోడ్‌లుంటే ఇదంతా వృథా. కొత్త కోడ్ తెరిచే అధికారం ఒక్కరికే ఉండాలి, ఎండీ ఫోన్ చేసినా సరే.

ఇసుకది ఇంకో తంటా. చలానాలో టన్నులు, సైటులో యూనిట్లు, అంటే 100 ఘనపుటడుగులు. తడి ఇసుక పొంగి కొలతలో పావు వంతు దాకా ఎక్కువ చూపొచ్చు. టన్నుల్లోనే నడపండి, గొడవ తగ్గుతుంది.

పన్ను రేటును ఐటమ్‌కు కాకుండా తేదీకి కట్టాలి. 2025 సెప్టెంబరు 22న సిమెంటు జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. రేటును ఐటమ్‌లోనే దిద్దిన చోట పాత బిల్లు తెరిచినా కొత్త రేటు పడుతుంది.

హాజరుకు వేలిముద్ర మిషన్ కొనేముందు బేల్దారుల చేతులు చూడండి. సిమెంటుకు గీతలు అరిగిపోయి ఉంటాయి, మిషన్ పట్టదు. ముఖం చూసే యాప్ పెట్టండి, పక్కన మేస్త్రి మస్టరు కూడా ఉంచండి.

సిగ్నల్ లేని సైట్లలో ఫోనే ఎంట్రీకి నంబరు వేసుకోవాలి. సర్వర్ దాకా వెళ్లి నంబరు తెచ్చుకునే యాప్ అయితే, సింక్ మధ్యలో తెగినప్పుడు ఒకే టిప్పర్ రెండుసార్లు ఎక్కుతుంది. సరుకు దిగిన సమయం, సింకైన సమయం విడివిడిగా ఉండాలి. అప్పుడే ‘ఎంట్రీ సాయంత్రం కొడతాలే అన్నా’ అనే గేటు మనిషి దొరికిపోతాడు.

అపార్టుమెంట్లు కట్టేవాళ్లకు ఈ లెక్కలు రెరాకూ (ఇళ్లు కొనేవాళ్ల రక్షణకు ఉన్న రియల్ ఎస్టేట్ చట్టం) కావాలి. కొన్నవాళ్ల సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉంటుంది. పని ఎంత శాతం అయిందో ఇంజనీరు, ఆర్కిటెక్టు, సీఏ సర్టిఫై చేస్తేనే ఆ మేరకు తీయొచ్చు. సైటు శాతం ఒకటి, అకౌంట్స్ శాతం ఇంకొకటి అయితే సంతకం దగ్గరే ఫైలు ఆగుతుంది.

మొదలుపెట్టడం ఒక్క సైటు, ఒక్క సరుకుతో. కమ్మీలతో అయితే మేలు. ఒక ఆర్‌ఏ బిల్లు (పని జరుగుతుండగా అయిన మేరకు పెట్టే బిల్లు) పూర్తయ్యేదాకా కాగితం రిజిస్టరూ నడవాలి. రెండూ కలిశాకే రిజిస్టరు ఆపి, సిమెంటు ఎక్కించండి. అన్ని మాడ్యూళ్లూ ఒకేసారి ఆన్ చేయమని వెండర్ ఒత్తిడి పెడతాడు. అతని పేమెంటు దానికే ముడిపడి ఉంటుంది కాబట్టి, అగ్రిమెంటులోనే ఆ ముడి విప్పేయండి.