టైరు మీది నాలుగంకెలు, కారు రేటు

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్లినవాళ్లు ముందు బానెట్ ఎత్తిస్తారు, ఇంజన్ చప్పుడు వింటారు, ఏసీ వేయించి చెయ్యి అడ్డం పెట్టి చూస్తారు. టైర్ల దగ్గరికొచ్చేసరికి కాలితో ఓ తన్ను తన్ని, "పర్లేదు, ఇంకో పదివేలు తిరుగుతాయి" అని ఊరుకుంటారు. అమ్మేవాడు ఎంత కడిగించినా, పాలిష్ పట్టించినా దాచలేనిది మాత్రం అక్కడే ఉంటుంది. కారు ఎంత తిరిగింది, ఎలా తిరిగింది, ఎక్కడైనా గట్టిగా గుద్దుకుందా అన్నవి టైర్లు చూసి చాలావరకు చెప్పొచ్చు.

టైరు పక్కగోడ మీద డీవోటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస ఒకటి ఉంటుంది. దాని చివర, కోలగా ఉన్న గడిలో నాలుగంకెలు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2621 అంటే 2021లో 26వ వారం, జూన్ చివర. ఈ అంకెలు తరచుగా టైరుకు ఒక పక్కే ఉంటాయి. బయట కనపడకపోతే టైరు లోపలివైపు ఉన్నట్టే. ముందు టైర్లయితే స్టీరింగ్ పూర్తిగా తిప్పి, వెనకవయితే ఫోన్ లైటు వేసి వంగి చూడాలి. బట్టలు మాసినా సరే, నాలుగూ చూడండి, డిక్కీలోని స్టెప్నీ కూడా.

ఇప్పుడు ఆర్‌సీ తీయండి. కారు తయారైన నెల, సంవత్సరం అందులోనే ఉంటాయి. కంపెనీ బిగించిన టైర్లయితే వాటి తేదీ కారు తేదీకి కొన్ని వారాలో, రెండు మూడు నెలలో ముందు ఉంటుంది. కారు కంటే టైరు తర్వాత పుట్టిందంటే అది మార్చిన టైరే. మార్చడం తప్పు కాదు. ఎప్పుడు మార్చారు, ఎందుకు మార్చారు అన్నదే లెక్క.

ఉదాహరణకు కారు ఆగస్టు 2021ది, మీటర్ 31 వేలు చూపిస్తోంది, నాలుగు టైర్ల మీదా 1024 ఉంది అనుకుందాం. అంటే 2024 మార్చి తర్వాత నాలుగూ ఒకేసారి మార్చారు. మామూలు వాడకంలో కంపెనీ టైర్లు 40 వేల కిలోమీటర్ల చుట్టుపక్కల వస్తాయి, జాగ్రత్తగా నడిపితే ఇంకా ఎక్కువే. మీటర్ ప్రకారం 31 వేలైనా తిరగకముందే సెట్టు మొత్తం ఎందుకు మార్చాల్సి వచ్చింది? అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు) చూపించకుండా నడిపి అరగదీసి ఉండొచ్చు, అలాయ్‌లు వేయిస్తూ సైజు మార్చి ఉండొచ్చు, మీటర్ వెనక్కి తిప్పి ఉండొచ్చు. టైర్ల బిల్లు అడగండి. చాలా షాపుల్లో బిల్లు మీదే ఆరోజు రీడింగ్ రాస్తారు. బిల్లు పోయిందంటే బండి నంబరు మీద షోరూమ్ సర్వీస్ హిస్టరీ తీయించండి. మీటర్ తిప్పినవాడు సర్వీస్ సెంటర్ కంప్యూటర్‌లో ఉన్న రీడింగులు తిప్పలేడు.

టైర్లు కంపెనీవే అయితే లోతు కొలిచి చూడొచ్చు. కొత్త కారు టైరుకు గాడి లోతు ఏడెనిమిది మిల్లీమీటర్లు. చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్ల దగ్గర దాని ఆయుష్షు తీరినట్టే. గాడి అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మెలుంటాయి, అరిగి వాటితో సమానమయితే 1.6కి వచ్చిందని గుర్తు. అంటే వాడుకోవడానికి మిగిలేది ఆరు మిల్లీమీటర్లు. 40 వేలకు ఆరు అనుకుంటే, సుమారు ఏడు వేల కిలోమీటర్లకు ఒక మిల్లీమీటర్ పోతుంది. 20 వేల రీడింగ్ ఉన్న బండికి ఐదో, నాలుగున్నరో మిగలాలి. రెండు మిల్లీమీటర్లే ఉంటే అడగాల్సిన ప్రశ్న ఉన్నట్టే. ముందు చక్రాలతో నడిచే కార్లలో ముందువి త్వరగా అరుగుతాయి కాబట్టి ముందూ వెనకా కొంత తేడా సహజం. కొలిచే చిన్న గేజ్ రెండు మూడొందలకు దొరుకుతుంది.

మూడు టైర్లది ఒక తేదీ, ఒక్కదానిది వేరే తేదీ ఉంటే ఎక్కువసార్లు పక్కగోడ కోసుకుపోవడమో, గుంతలో పడి బుడగ రావడమో కారణం. లోపలి దారాలు తెగి, గాలి రబ్బరును బయటికి తోస్తే వచ్చేదే ఆ బుడగ. దాన్ని ఏ పంక్చర్ షాపూ బాగుచెయ్యలేదు. అదే చక్రం వైపు ఫెండర్ (చక్రం పైనుండే రేకు) బోల్టుల మీద రెంచి గీతలుంటే, హెడ్‌లైట్ పక్కదానికంటే కొత్తగా మెరుస్తుంటే అది గుంత కథ కాకపోవచ్చు.

అరుగుదల తీరు చెప్పేది ఇంకో ఎత్తు. మధ్యలో అరిగి అంచులు బాగుంటే గాలి ఎక్కువ పెట్టి నడిపారు. రెండంచులూ అరిగితే గాలి తక్కువ. అరచేతిని టైరు మీద అడ్డంగా ఒకవైపు నుంచి జరిపితే నున్నగా, వెనక్కి జరిపితే రంపపు పళ్లలా గుచ్చుకుంటే టో, అంటే చక్రాలు తిన్నగా ముందుకు చూసే కోణం, తప్పింది. చుట్టూ అక్కడక్కడ గుంటలు పడినట్టుంటే షాక్ అబ్జార్బర్లు అలిసిపోయాయని అనుమానించాలి, చక్రం రోడ్డు మీద ఎగిరెగిరి పడటం వల్ల వచ్చే అరుగుదల అది. ఒక్క లోపలి అంచే అరిగితే టో గానీ, క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో ఒరిగే కోణం) గానీ తప్పినట్టు.

క్యాంబర్ దగ్గర కాస్త ఆగాలి. మన దగ్గర తిరిగే చిన్న కార్లలో ఎక్కువవాటికి ముందు చక్రాలకు టో ఒక్కటే సరిచేసుకునే వీలుంటుంది. క్యాంబర్, కాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు వాలు) కంపెనీ ఎలా కూర్చిందో అలాగే ఉంటాయి. కాబట్టి అలైన్‌మెంట్ మిషన్ ప్రింటులో ఎడమ క్యాంబర్ సరిగ్గా ఉండి కుడిది ఒక డిగ్రీ తేడా చూపిస్తే, ఏదో వంగినట్టు. చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్, స్ట్రట్, నకుల్, ఇంకా గట్టి దెబ్బయితే వాటిని మోసే సబ్‌ఫ్రేమ్. కొనే ముందు నాలుగైదు వందలు పెట్టి అలైన్‌మెంట్ షాపులో ప్రింటు తీయించుకోవడం కంటే చవకైన పరీక్ష లేదు. "సెట్ చేసేశాం సార్" అనే మాట కాదు, సరిచెయ్యక ముందు అంకెలు ఎంతున్నాయో ఆ కాగితం కావాలి.

వరద కార్ల సంగతి కూడా. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2023 డిసెంబరులో చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. అప్పుడు నీళ్లలో నిలబడ్డ కార్లు తర్వాత వేరే ఊళ్లలో అమ్మకానికి రావడం మామూలే. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, అడుగుభాగంలో బురద గీత ఉంటే తెలిసిపోతుంది. స్టెప్నీ తీసి దాని గుంతలో ఒండ్రు, సీటు పట్టాల కింద తుప్పు వెతకండి. సెంటు వాసన మరీ ఘాటుగా ఉన్న కారు ఎందుకలా ఉందో ఆలోచించండి.

ఇక రోజువారీ వాడకం. ఎంత గాలి పెట్టాలో డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్‌లో ఉంటుంది. టైరు మీద రాసి ఉండేది గరిష్ఠం, అది పెట్టాల్సిన గాలి కాదు. స్టిక్కర్ లెక్క చల్లటి టైరుకు, కనీసం మూడు గంటలు ఆగి ఉన్న బండికి. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగితే గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్‌ఐ (గాలి మిషన్ చూపించే అంకె) పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం కర్నూలు దారిలో వంద కిలోమీటర్లు వెళ్లాక చూస్తే 33 కాస్తా 38 చూపించడం వింతేమీ కాదు. అది చూసి గాలి తీసేసేవాళ్లున్నారు. "ఎండాకాలం గాలి తక్కువుంటే టైరు పగలదు" అనే మాట మన హైవేల మీద ఎంత తిరుగుతోందో, అంత తప్పు. గాలి తక్కువైతే పక్కగోడ ప్రతి చుట్టుకూ ఎక్కువ వంగుతుంది, వంగినకొద్దీ వేడెక్కుతుంది, ఆ వేడికే టైరు పేలుతుంది. నిండుగా సామాన్లు, ఐదుగురు మనుషులతో వెళ్తుంటే స్టిక్కర్ మీద ఫుల్ లోడ్‌కు వేరే అంకె ఉంటుంది, వెనక టైర్లకు ముఖ్యంగా అది పెట్టాలి. నైట్రోజన్ మీద నాకైతే పెద్ద భక్తి లేదు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే. పదిహేను రోజులకోసారి చూసుకునేవాడికి మామూలు గాలి చాలు.

పదివేల కిలోమీటర్లకోసారి రొటేషన్, అంటే టైర్ల చోట్లు మార్చడం. ముందు చక్రాల డ్రైవ్ అయితే ముందువి నేరుగా వెనక్కి, వెనకవి కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చి ముందుకు. టైరు పక్కగోడ మీద తిరిగే దిశ బాణం గుర్తుంటే అడ్డంగా మార్చకూడదు, ఆ పక్కనే ముందూ వెనకా మార్చాలి. వేగం ఎనభై దాటాక స్టీరింగ్ వణికి, నూటపదికి తగ్గిపోతే అది బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమంగా ఉండటం) లోపం, అలైన్‌మెంట్ కాదు. రెంటినీ కలిపేసి బిల్లు వేసే షాపుల్లో ఈ తేడా తెలిస్తే డబ్బు మిగులుతుంది.

రెండే కొత్త టైర్లు కొంటే ముందు వేయించడం మనవాళ్ల అలవాటు. వేయాల్సింది వెనక. వానలో ముందు టైర్లు జారితే బండి తిన్నగా పోతుంది, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే మళ్లీ పట్టు దొరుకుతుంది. వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది, అప్పుడు సరిచేయగలిగే డ్రైవర్లు చాలా తక్కువ. ఆ లెక్కన వానాకాలం ముందు మూడు మిల్లీమీటర్లకు వచ్చిన టైరు మార్చేయడమే మంచిది, 1.6 దాకా లాగొద్దు.

పంక్చరుకు బయటి నుంచి రబ్బరు పురి దూర్చి పంపేస్తారు, ఊరు చేరడానికి అది సరే. తర్వాత టైరు విప్పి లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ వేయించుకోవాలి. పురి కోసం దూర్చే చువ్వ రంధ్రాన్ని పెద్దది చేస్తుంది, ఉక్కు తీగలు తెగి నీరు పట్టడం అక్కడే మొదలవుతుంది. ఆరు మిల్లీమీటర్ల కంటే పెద్ద రంధ్రం గానీ, భుజం (పక్కగోడ మొదలయ్యే అంచు) దగ్గరో పక్కగోడలోనో పడినది గానీ ఏ రకంగానూ అతికించకూడదు.

సైజు పెంచే ముందు ఓ చిన్న గుణకారం. 165/80 ఆర్14 అంటే వెడల్పు 165, గోడ ఎత్తు అందులో 80 శాతం, 132 మిల్లీమీటర్లు. రెండు గోడలు 264, రిమ్ 355.6, మొత్తం 619.6. 185/65 ఆర్15 ఇదే లెక్కలో 621.5. తేడా లేనట్టే, అందుకే స్విఫ్ట్‌లో కింది మోడల్‌కు అదీ, పై మోడల్‌కు ఇదీ కంపెనీయే ఇచ్చింది. 195/65 ఆర్15 వేస్తే 634.5, రెండు శాతం పైన. స్పీడోమీటర్ వంద చూపించినప్పుడు బండి దానికంటే రెండు కిలోమీటర్లు ఎక్కువ పోతుంది, గుంతలో ఫెండర్‌కు రాసుకునే అవకాశమూ పెరుగుతుంది. సైజు తర్వాత ఉండే 88హెచ్ లాంటిది కూడా చూడండి: 88 అంటే ఒక టైరు 560 కిలోలు మోస్తుంది, హెచ్ అంటే గంటకు 210 దాకా తట్టుకుంటుంది. కంపెనీ ఇచ్చిన అంకె కంటే తక్కువది ఎంత చవకగా వచ్చినా వద్దు.

అమ్మేవాళ్లు అడిగేది ఒక్కటే: అమ్మే ముందు కొత్త టైర్లు వేయించాలా? వద్దు. సెట్టుకు పాతిక వేలు పెడితే అందులో సగం కూడా రేటులో తిరిగి రాదు. పైగా నిన్న మొన్న వేయించిన కొత్త టైర్లు చూస్తే తెలిసిన కొనుగోలుదారుకు అనుమానమే వస్తుంది, పాత అరుగుదల దాచారేమోనని. నాలుగు రకాల కంపెనీల టైర్లుంటే మాత్రం వెనకా ముందూ జతలుగా సర్దండి. ఒక దానికి బుడగ ఉంటే అది మార్చండి. తక్కినది రేటులో తగ్గించుకోమని చెప్పడమే తేలిక.

రేటు దగ్గర పాత బిల్లు చూపించి వాదించేవాళ్లకు 2025 సెప్టెంబరు 22 తర్వాత ఆ బిల్లు పనికిరాదు. ఆరోజు నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది, సెస్సు పోయింది. టైర్ల మీదా 28 నుంచి 18కే. కాబట్టి పాత కారు రేటు ఇవాళ అదే మోడల్ కొత్తది ఎంతకొస్తుందో అక్కడి నుంచి దిగి లెక్కపెట్టాలి. ఇన్సూరెన్స్ ఐడీవీ (పాలసీలో బండికి కట్టిన విలువ) మార్కెట్ రేటు కాదు. అది పట్టిక ప్రకారం మొదటి ఏడాదిలో 15, రెండో ఏడాదిలో 20, నాలుగో ఏడాదిలో 40, ఐదో ఏడాదిలో 50 శాతం తగ్గుతూ పోతుంది. బాగా అమ్ముడుపోయే మోడల్ అంతకంటే ఎక్కువే పలుకుతుంది.

కాగితాల్లో పేరు మార్పిడికి ఫారం 29, 30 తప్పనిసరి. లోను తీరిపోయినా ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఉండిపోతే బ్యాంకు ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న కాగితం)తో ఫారం 35 వేసి తీయించాకే బేరానికి దిగండి. ఆంధ్రా బండి తెలంగాణకో, అటుది ఇటుకో అమ్మితే ఫారం 28 ఎన్‌వోసీ కావాలి, కొనేవాడు బండి వయసును బట్టి అక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఢిల్లీ నుంచి చవకగా దిగే కార్లకూ ఇదే వర్తిస్తుంది. చూసిన రేటుకు ఆ పన్ను కలిపాకే అది చవకో కాదో తేలుతుంది. నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మీది. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి లెటర్ తీసుకుంటే మూడేళ్లలోపు కొనే తర్వాతి కారుకు వాడుకోవచ్చు, ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టానికి కట్టే) ప్రీమియంలో 50 శాతం తగ్గింపు అది. బండి ఇచ్చేటప్పుడు తేదీతో పాటు టైమూ, రీడింగూ రాసి సంతకం పెట్టించుకోండి. ఆర్‌సీ మారేదాకా చలాన్లు మీ పేరు మీదే వస్తాయి. తాళాలు చేతిలో పెట్టేముందే ఫాస్టాగ్ క్లోజ్ చేయించండి, లేకపోతే వాళ్లు తిరుపతి వెళ్లొచ్చిన టోలు మీ వాలెట్లోంచి పోతుంది.