మూడో పేరు

ఆగస్టు, ఆదివారం

పొద్దుటి నుంచి ముసురు. పక్క వీధి స్కూలు గ్రౌండు అంతా బురద, అయినా పిల్లలు ఆట మానలేదు. జట్లు పంచుకునేటప్పుడు ఎప్పుడూ ఉండే గొడవే ఇవాళా నడిచింది. "అన్నా, నేను లెఫ్ట్‌ల నిలబడ. ఆడికి బాల్ రానే రాదు" అని ఒకడు మొండికేశాడు. "ఒక్క హాఫ్ ఆడుర తమ్మీ, తర్వాత మారుస్త" అని పెద్దోడి బుజ్జగింపు. హాఫ్ అయ్యాక ఎవరూ మార్చరని ఇద్దరికీ తెలుసు.

మా వాట్సాప్ గ్రూపులో నిన్నటి నుంచి నడుస్తున్న పంచాయితీ కూడా ఆ ఎడమ అంచు గురించే. భారత ఫుట్‌బాల్‌లో అన్ని కాలాలకీ కలిపి పదకొండు మందిని ఎంచాలట. కుడి అంచుకి పీకే బెనర్జీ, ఇన్‌సైడ్ లెఫ్ట్‌కి, అంటే ఎడమ అంచుకీ సెంటర్ ఫార్వర్డ్‌కీ మధ్య చోటుకి, చున్నీ గోస్వామి. ఈ రెండు పేర్ల మీద ఎవరికీ పేచీ లేదు. ఎడమ అంచు దగ్గరికి వచ్చేసరికి "అక్కడ ఎవరో ఒకర్ని పెట్టేద్దాం" అన్నారు. ఆ చోటు తులసీదాస్ బలరాంది. అమ్ముగూడలో పుట్టిపెరిగిన మనిషిని సికింద్రాబాద్ వాళ్ళే "ఎవరో ఒకరు" అంటే ఇంక కలకత్తా వాళ్ళని ఏమనుకుంటాం?

పీకే, చున్నీ, బలరాం. ఈ ముగ్గురి పేర్లూ ఎప్పుడు చెప్పినా ఈ వరసలోనే చెబుతారు. మూడో పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతు కాస్త తగ్గుతుంది. కానీ 1960 రోమ్ ఒలింపిక్స్ స్కోర్లు ఒకసారి తిరగేయండి. హంగరీ మీద 1-2తో ఓడాం. అది ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఆడిన జట్టు, ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చుకున్న జట్టు. మన ఒక్క గోలూ 79వ నిమిషంలో బలరాందే. ఫ్రాన్స్‌తో 1-1, ఆ గోల్ పీకేది. పెరూ మీద 1-3, 88వ నిమిషంలో మళ్ళీ బలరాం. మూడు ఆటల్లో మనం కొట్టింది మూడు గోల్స్, వాటిలో రెండు ఇతనివి. రెండూ ఆట చివర్లో, మనం వెనకబడి ఉన్నప్పుడు, కాళ్ళు బరువెక్కిన వేళ వచ్చినవి. ఆ వేళ గురించి తర్వాత చెబుతాను, దాని వెనక ఒక లెక్క ఉంది.

మరి మూడో పేరు ఎందుకయ్యాడు? నాకు తోచే కారణం ఒకటే: ఇతనికి సొంత చోటు లేదు. పీకే అంటే కుడి అంచు, కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. చున్నీ అంటే మోహన్ బగాన్, ఇన్‌సైడ్ లెఫ్ట్. బలరాంని సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు, ఇన్‌సైడ్ లెఫ్ట్‌గా ఆడించారు, జట్టుకి అవసరమైతే ఎడమ అంచుకి పంపారు. ఎక్కడ పెట్టినా సరిపోయేవాడికి ఫలానా చోటు ఇతనిదే అన్న గుర్తింపు రాదు. ఇన్‌సైడ్ లెఫ్ట్‌గా చున్నీ ఉంటే ఇతను అంచుకి జరగాలి. అదే చున్నీని అంచుకి జరపమని ఎవరూ అడగరు.

ఈ సర్దుబాటు గుణం గాల్లోంచి ఊడిపడలేదు, హైదరాబాద్ బడిలో వచ్చింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని తీర్చిదిద్దిన రోజులవి. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఆ జట్టుదే. బొంబాయి వెళ్ళడం, కప్పు పట్టుకుని రావడం అలవాటైపోయింది వాళ్ళకి. నూర్, అజీజ్, మొయిన్... ఈ పేర్లు పాతబస్తీ పెద్దమనుషుల నోట ఇంకా దొర్లుతుంటాయి. రహీం సాబ్ నగరంలో విచిత్రమైన టోర్నమెంట్లు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలితో తోసుకుంటూ అవతలివాణ్ణి తప్పించుకుపోవడం, నిషేధం. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి.

వినడానికి ఆటవిడుపులా ఉంటాయి కానీ రెండిటికీ పని ఉంది. డ్రిబ్లింగ్ కుదరదంటే బంతి కాలికి తగలక ముందే తర్వాతి పాస్ ఎవరికో చూసుకుని ఉండాలి, అంటే తల పైకెత్తి ఆడటం దానంతటదే వస్తుంది. బంతి లేనివాడు కూడా ఊరికే నిలబడకుండా ఖాళీలోకి పరుగెత్తాలి, లేకపోతే బంతి ఉన్నవాడికి దారి ఉండదు. ఇక వాటం లేని కాలు. కుడికాలి వాటం ఉన్నవాణ్ణి ఎడమ అంచున పెడితే ఏం చేస్తాడు? గీత దాకా వెళ్ళి, ఎడమతో క్రాస్ (అంచు నుంచి గోల్ ముందుకి పంపే బంతి) కొట్టే ధైర్యం లేక, ఆగి, బంతిని కుడికాలికి మార్చుకుంటాడు. ఆ ఒక్క క్షణంలో ఆ అంచుని కాసే ఫుల్‌బ్యాక్ సర్దుకుంటాడు, పెనాల్టీ ఏరియాలోకి దూసుకొచ్చిన మనవాళ్ళు పరుగు ఆపేస్తారు, దాడి చచ్చిపోతుంది. ఆ మార్పిడి అక్కర్లేనివాడే రెండు అంచుల్లోనూ పనికొస్తాడు. ఈ పద్ధతిని కాగితం మీద రాసి అప్పజెబితే ఇవాళ్టి అకాడమీలు కొత్త సిలబస్ అనుకుంటాయి.

అమ్ముగూడ నుంచి సాధనకి నగరానికి రావడమంటే సైకిల్ మీద గంట పైమాటే. చేతిలో డబ్బు లేని కుర్రాడికి అద్దె సైకిల్ కోసం రోజుకో రూపాయి రహీం సాబే ఇచ్చేవారని బలరాం చెప్పుకున్న సంగతే. మొదటి బూట్ల కథ ఇంకా బాగుంటుంది. పోలీసులు పారేసిన పాత బూట్లని చెప్పులు కుట్టేవాడి దగ్గరికి పట్టుకెళ్ళి ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకున్నాడు.

ఆ మార్పిడి అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకి తెలియదు. అప్పటి స్టడ్లు తోలు ముక్కలు. నాలుగైదు పొరలు అతికించి, గుండ్రంగా కోసి, అట్టకి మేకులతో కొట్టేవారు. నాలుగు ఆటలకి తోలు అరిగేది, మేకు అరిగేది కాదు. అరిగిన స్టడ్ మీద బరువు పడ్డప్పుడల్లా మేకు మొన లోపలికి పొడుచుకొచ్చి పాదంలో దిగేది. అందుకే ఆటకి ముందు బూటు లోపల చెయ్యి పెట్టి తడుముకోవడం, మొన తగిలితే సుత్తితో మడిచి పైన అట్టముక్క వేసుకోవడం ఒక తంతు. తడిసిన బూట్లని ఎండలో పెడితే తోలు బిగిసి పగులుతుంది. లోపల పాత పేపరు కుక్కి, నీడన ఆరబెట్టి, కొవ్వో నూనో రాయాలి. ఈ బాధలన్నీ చూసే చాలామంది ఒట్టికాళ్ళతో ఆడటమే సుఖమనుకున్నారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయ్యాక గానీ బూట్లు తప్పనిసరి అన్న నిబంధన రాలేదు.

బంతి సంగతి బూటుకి తీసిపోదు. అప్పటి నిబంధన ప్రకారం ఆట మొదలయ్యేటప్పుడు 14 నుంచి 16 ఔన్సులు, అంటే 396 నుంచి 453 గ్రాములు ఉండాలి. ఆ "మొదలయ్యేటప్పుడు" అన్న మాటలోనే ఉంది కిటుకంతా. తోలు బంతి నీళ్ళు తాగుతుంది, వానలో గంట ఆడాక దాని బరువు ఎంతో అడిగే నిబంధన లేదు. అలాంటి బంతిని అంచు నుంచి ఎత్తి క్రాస్ కొడితే సగం దూరంలోనే కూలబడుతుంది. అందినా తలతో కొట్టేవాడికి నుదుటి మీద లేసు అచ్చు పడుతుంది.

కలకత్తా లీగ్ అంతా ఈ బురదలోనే. మే ఎండల్లో మొదలై వానాకాలం పొడుగునా సాగేది. మైదాన్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ క్లబ్బుల గ్రౌండ్లు, చెక్క గ్యాలరీలు, గొడుగులు, గెలిస్తే రెండు పాయింట్లు. ఇప్పుడు పచ్చటి పచ్చిక మీద, ఫ్లడ్‌లైట్ల కింద ఆడే లీగ్ చూసి ఆ ఆటతో పోల్చేవాళ్ళకి ఒకటే చెప్పాలి: అది వేరే ఆట. బురదలో వింగర్, అంటే అంచున ఆడేవాడు, బంతిని దొర్లించుకుంటూ పోలేడు, గుంట దగ్గర అది టక్కున ఆగుతుంది. తెలిసినవాడు ఆ గుంటనే వాడుకుంటాడు. బంతిని కావాలనే నీటి గుంట వైపు తోస్తాడు. ఫుల్‌బ్యాక్ అది దొర్లుతుందనుకుని ముందుకు ఉరుకుతాడు. బంతి ఆగిపోతుంది, బ్యాక్ ఆగలేడు, జారుకుంటూ పోతాడు. వింగర్ తీరిగ్గా వెనక్కి తిరిగి బంతి తీసుకుంటాడు. అక్కడి నుంచి క్రాస్ ఎత్తడు, కాలి మునివేళ్ళతో చిన్నగా లేపి దగ్గరివాడికి అందిస్తాడు. లావుపాటి కండలు కాదు, ఒంటి తూకం కావాలి దీనికి. ఒక్క అంగలో దిశ మార్చి నిలబడగలగాలి.

ఈ లీగ్‌లోనే హైదరాబాద్ కుర్రాడు ఈస్ట్ బెంగాల్ ఎర్రపసుపు చొక్కా వేసుకున్నాడు. అంతకుముందే 1956 మెల్‌బోర్న్‌కి వెళ్ళొచ్చాడు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి మనం నాలుగో స్థానం దాకా వెళ్ళిన ఒలింపిక్స్ అది. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ 1956-57, 1957-58లో హైదరాబాద్‌కి వరసగా వచ్చిన కాలం కూడా అదే. ఈస్ట్ బెంగాల్‌కి 1952 తర్వాత లీగ్ టైటిల్ దక్కలేదు. తొమ్మిదేళ్ళ కరువు 1961లో తీరింది. ఆ ఏడు కెప్టెన్ బలరాం, 23 గోల్స్‌తో లీగ్‌లో అందరికంటే పైన ఉన్నదీ బలరామే. పక్కవాడికోసం చోటు వదిలే మనిషి, తనకే చోటు ఇస్తే ఏం చేయగలడో చెప్పడానికి ఆ ఒక్క సీజన్ చాలు. విచిత్రం ఏమిటంటే ఈ సీజన్ సంగతి గ్రూపులో సగం మందికి తెలియదు, వాళ్ళే 1990ల ఇటాలియన్ లీగ్ స్కోర్లు నిద్రలో లేపినా చెబుతారు.

ఇప్పుడు ఆ చివరి నిమిషాల లెక్క. అప్పట్లో మన దేశంలో ఆటలు 70 నిమిషాలే, హాఫ్‌కి 35 చొప్పున. ఒలింపిక్స్‌లో 90. ఏడాది పొడుగునా 70 నిమిషాలకి అలవాటుపడ్డ ఒళ్ళు బయటికి వెళ్ళాక ఆఖరి 20 నిమిషాల్లో మొరాయిస్తుంది. కాలు లేవదు, పాస్ పొట్టిదవుతుంది, వెనక్కి పరుగు మానేస్తారు. రోమ్‌లో బలరాం గోల్స్ రెండూ సరిగ్గా ఆ 20 నిమిషాల్లోవి. హంగరీ మీద గోల్ కంటే నాకు ఇదే పెద్ద విషయం.

1962 జకార్తా ఆసియా క్రీడల గురించి అందరికీ తెలిసిందే, పొట్టిగా కానిచ్చేస్తాను. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0-2. తర్వాత థాయిలాండ్ మీద 4-1. జపాన్ మీద 2-0, అందులో ఒకటి పీకే, ఒకటి బలరాం. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2. సెప్టెంబరు 4న ఫైనల్‌లో మళ్ళీ కొరియా, ఈసారి 2-1. పీకే ఒకటి, తలకి కుట్లతో సెంటర్ ఫార్వర్డ్‌గా దిగిన జర్నైల్ సింగ్ ఒకటి. లక్షమంది జనం, వాళ్ళలో మనవైపు ఉన్నవాళ్ళు దాదాపు సున్నా.

ఆ ఫైనల్‌లో బలరాం ఎడమ అంచున ఆడాడు, గోల్ కొట్టలేదు. పుస్తకాల్లో ఇక్కడే అతని పేరు చిన్నదవుతుంది. కానీ జట్టు అమరిక చూడండి. డిఫెండర్ జర్నైల్ ముందుకు వెళ్ళాడు, యూసఫ్ ఖాన్, చున్నీ లోపలి వైపు, పీకే కుడి అంచున. ఈ అమరికలో మధ్యలో ఉండేది ఇద్దరే, ఫ్రాంకో, ప్రశాంత సిన్హా. అవతలివాడు ముగ్గుర్ని దింపితే ఈ ఇద్దరూ నలిగిపోతారు. ముందున్నవాళ్ళలో ఎవరో ఒకరు కిందికి దిగి బంతి అందుకోవాలి, తర్వాత మళ్ళీ అంచుకి పరుగెత్తి ఫుల్‌బ్యాక్‌ని కట్టిపడేయాలి. బ్యాక్ ఆ అంచు వదలడానికి భయపడితేనే లోపల చున్నీకి జాగా దొరుకుతుంది. ఈ పనికి స్కోర్‌షీట్‌లో గడి లేదు.

ఆ మరుసటి ఏడే, 1963లో, అంతా అయిపోయింది. ఈస్ట్ బెంగాల్ వదిలి బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టుకి మారాడు. అంతలోనే ఊపిరితిత్తుల జబ్బు. ఆట వదిలేసేనాటికి ముప్ఫై కూడా నిండలేదు. అదే ఏడు జూన్‌లో రహీం సాబ్ పోయారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ ఆ తర్వాత మళ్ళీ అంత ఎత్తుకి ఎప్పుడూ వెళ్ళలేదు, ఇది ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను. చున్నీకి 1983లో, పీకేకి 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరాంకి 1962లో అర్జున అవార్డు వచ్చింది, పద్మశ్రీ మాత్రం రాలేదు. ఆట వదిలాక కూడా బెంగాల్‌లోనే, ఉత్తరపాడాలో ఉండిపోయి, 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశాడు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక గ్రూపులో నా జట్టు పెట్టేశాను. గోల్‌లో తంగరాజ్. ముందు వరసలో కుడివైపు పీకే, లోపల చున్నీ, ఎడమ అంచున బలరాం. సెంటర్ ఫార్వర్డ్‌గా ఎవరన్నది మీరే తేల్చుకోండి అని రాశాను. ఎవరైనా గాయపడితే బలరాంని అక్కడికి జరిపి, ఎడమ అంచుకి మాత్రమే సబ్‌స్టిట్యూట్ వెతుక్కుంటే చాలని కింద ఒక ముక్క కలిపాను. ఐదు నిమిషాలకే ఒకాయన "ఎడమ అంచుకి బైచుంగ్ ఎందుకు వద్దు?" అని మొదలెట్టాడు. బైచుంగ్ సెంటర్ ఫార్వర్డ్, అంచున ఆడే మనిషి కాదు మహాప్రభో. ఈ రాత్రికి నిద్ర లేనట్టే.